నీళ్లలో నిలబడ్డ మొద్దు

ఆత్మకూరు అవతల, ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణ నీళ్లు చూడాలనుకునే వాళ్లకు ముందే ఒక మాట చెప్పేస్తాను. వెళ్లండి. మా తమ్ముడి పడవ ఎక్కండి. నేను ఎక్కాను, అవతలి ఒడ్డుకు చేరాను, నవ్వుకుంటూ తిరిగి వచ్చాను. ఏ బస్సు ఎక్కాలో, ఏం తినాలో, పడవ ఎప్పుడు ఎక్కకూడదో అన్నీ చెబుతాను. కానీ నేను వెళ్లింది నీళ్లు చూడటానికి కాదు.

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర నాకు ఒక టైలరింగ్ షాపు ఉంది. డిసెంబరు మొదలైందంటే మాకు తల పైకెత్తే తీరిక ఉండదు. క్రిస్మస్ జాకెట్లు, పిల్లల గౌన్లు, అల్టరేషన్లు గుట్టలుగా పడతాయి. సరిగ్గా అప్పుడే మా తమ్ముడి భార్య సలోమి ఫోన్ చేసింది.

"వదినా, నువ్వొకసారి రావల్ల. ఆయన పడవ ఇంజిను అమ్మేస్తాండాడు. శనివారం కొనేటోళ్లు వస్తారంట. నేను చెప్తే ఇంటాండ్ల్యా."

మా తమ్ముడు సామేలు చాలా ఏళ్లుగా ఆ నీళ్ల మీద పడవ నడుపుతున్నాడు. అక్కడ రెండు పల్లెల మధ్యకు నీళ్లు పాయలా చొచ్చుకుని వచ్చాయి. రోడ్డు మీద చుట్టి వెళ్తే సగం పూట పడుతుంది, పడవలో అరగంట. కూలీలు, బడికెళ్లే పంతుళ్లు, సరుకులు, కార్తీక మాసంలో భక్తులు, అందరూ అతని పడవే ఎక్కేవారు. ఈ కార్తీకంలోనే ఒక మధ్యాహ్నం ఆ పడవ పాయ నడిమధ్యన దేనికో గుద్దుకుని బోల్తా పడింది. అందరి ఒంటి మీదా లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఒకామెకు చెయ్యి విరిగింది. సరుకుల మూటలు మునిగిపోయాయి. "నీళ్లలో మొద్దు తగిలింది" అన్నాడు సామేలు. జనం వెళ్లి వెతికితే మొద్దూ లేదు, కొమ్మా లేదు. దాంతో తాగి నడిపాడన్న మాట పుట్టింది. ఆ మాట పాయకు రెండు వైపులా పాకింది. ఆ తర్వాత అతని పడవ ఎవరూ ఎక్కలేదు.

షాపు నా దగ్గర పనిచేసే ఆడపిల్లలకు అప్పగించి, గురువారం ఉదయం ఆరున్నరకు నంద్యాల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు, కార్డు మర్చిపోకండి. దారి పొడవునా చేలలో మంచు ఇంకా వదల్లేదు. ఎనిమిదికి ముందే నంద్యాల చేరాం. బస్టాండు బయట కుడివైపు వరసలో ఒక చిన్న హోటల్ ఉంది, బోర్డు కూడా లేదు. అక్కడ బొరుగులతో, అంటే మరమరాలతో, చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. ఆ బజ్జీ కోసమైనా నంద్యాలలో ఒక బస్సు వదులుకోవచ్చు.

ఆత్మకూరు బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె తన నూనె డబ్బా కాళ్ల కిందికి జరుపుకుని నాకు చోటిచ్చింది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో రెండు సంచులు, ఒళ్లో ఇంకొకటి. పల్లెలో కిరాణా అంగడి నడుపుతారట. పేరు లక్ష్మీదేవమ్మ.

"యాడికి పోతాండావక్కా?" అని అడిగింది.

"ఆత్మకూరులో దిగి నీళ్ల కాడికి పోవల్ల" అన్నాను.

"ఆడేముండాది సూసేదానికి? ఇప్పుడు పడవ గూడా ల్యా. ఒకడుండె. తాగి పడవ బోర్లేసినాడు. నా చక్కెర మూట, బియ్యం మూటలు గంగలో కలిసె. ఇప్పుడు సూడు, ఇవన్నీ మోసుకోని ఆటోలో చుట్టు తిరిగి పోవల్ల మా ఊరికి."

బస్సు వెలుగోడు దాటే దాకా ఓర్చుకున్నాను. తర్వాత ఇక ఉండబట్టలేదు.

"ఆ పడవాయప్ప నా తమ్ముడు. చుక్క గూడా ముట్టడు."

ఆమె తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. నా వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"అట్లనా? మరి మొద్దు యాడ పాయ? ఊరంతా పుట్టేసుకోని ఎతికినారు గదా. నీళ్లలో మొద్దుంటే కనపడదా?"

"నేను సూళ్లేదు. వాడు అబద్ధం చెప్పడని మాత్రం తెలుసు."

"అయితే సూపీమను. మొద్దు సూపిస్తే ఆ పడవ మొదట నేనే ఎక్కుతా. ఊరికే అనడంల్యా."

ఆత్మకూరులో దిగాక ఆమె నూనె డబ్బా ఆటోలోకి ఎక్కించడానికి చెయ్యి వేశాను. ఇద్దరం వేర్వేరు ఆటోలు ఎక్కాం. నేనెక్కింది షేర్ ఆటో, యాభై రూపాయలు. చివరి కొంత దూరం మట్టి రోడ్డు, నడుము గట్టిగా ఉన్నవాళ్లు వెనక సీట్లో కూర్చోవచ్చు.

నీళ్లు కనిపించగానే ఎవరైనా ఆటో ఆపమంటారు. అటు నల్లమల కొండలు నీలంగా, వాటి కింద అంతా నీళ్లే. ఒడ్డున మా వాడి నీలం రంగు పడవ బోర్లించి ఉంది. ముక్కు దగ్గర పగిలిన చెక్కలు తీసేసి కొత్తవి బిగించి, పడవ మొత్తానికీ మళ్లీ అదే రంగు వేశాడు. బాగు చేసి పెట్టుకున్న పడవను నీళ్లలోకి దింపలేక దాని పక్కనే కూర్చుని ఉన్నాడు సామేలు. మనిషి చిక్కిపోయాడు.

"ఎందుకొచ్చినావక్కా, పండగ పనులు పెట్టుకోని" అన్నాడు.

"ఇంజిను అమ్మి ఏం జేస్తావ్?"

"ఏదో ఒక పని. ఎవరెక్కుతారక్కా నా పడవ? అమ్మినాక ఈ ఊళ్లో ఉండేది గూడా ల్యా."

సలోమి వేడి సంగటి, చేపల పులుసు పెట్టింది. తింటూ తింటూ అడిగాను, అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్పమని. చెప్పాడు. ముందు ఏమీ కనిపించలేదు. నీళ్లు నున్నగా ఉన్నాయి. ఒక్కసారిగా కింద నుంచి ఎవరో పోటు పొడిచినట్టు ముక్కు పైకి లేచింది. పడవ పక్కకు ఒరిగింది. పడేటప్పుడు అతని కాలికి నీళ్లలో చెక్క తగిలింది. అడ్డంగా కాదు, నిలువుగా.

"నిలువుగానా?" అన్నాను.

"వరదకు కొట్టుకొచ్చే చెట్లలో కొన్ని అట్లనే నిలబడతాయక్కా. వేర్ల సందులో రాళ్లు ఇరుక్కోని వేర్ల పక్క బరువుంటాది. అది కిందికి దిగుతాది, తల పైకుంటాది. పైకంటే పూర్తిగా పైకి గూడా రాదు. నీళ్లకు జానెడు కిందనే ఆగుతాది. అలొస్తే లేస్తాది, పోతే మునుగుతాది. గాలికి మెల్లగా జరుగుతాది గూడా. పుట్టి మీద కూసోని సూస్తే ఏం కనపడతాది?"

"ఈ మాట ఊళ్లో చెప్పినావా?"

"ఇననోళ్లకు ఎంత మందికని చెప్తా?"

వెతకడానికి ఒక దారి ఉందని కూడా చెప్పాడు. రెండు పడవలు దూరదూరంగా పోతూ మధ్యన పొడవాటి తాడు నీళ్లలో ఈడ్చుకుంటూ పోవాలి. నిలువుగా ఉన్నదేదైనా తాడుకు తగలక తప్పదు. కానీ రెండో పడవ కావాలి. ఎవరినైనా అడగడానికి అతనికి నోరు రాలేదు. నాకు వచ్చింది. జాకెట్ కొలతలు తీసుకుంటూ ఊళ్లో వాళ్లందరితో మాట్లాడే మనిషిని, నాకేం మొహమాటం? ఆ సాయంత్రమే ఎల్లప్ప ఇంటికి వెళ్లాను. ఆయన పాత చేపల మనిషి, ఆయనకు సొంత పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఉంది. ముందు ఒప్పుకోలేదు.

"పెద్దాయనా, పాయ మధ్యలో నీ వల ఎప్పుడైనా చినిగిందా?" అని అడిగాను.

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "చినిగింది. ఈ నెలలోనే రెండు తూర్లు. బండ ఉండాదేమో అనుకున్యా."

"ఆడ బండ ఉండాదా ఇంతకు ముందు?"

ఎల్లప్ప చుట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ల్యా" అన్నాడు. తర్వాత, "పొద్దున్నే వస్తా పో" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఎండ కాస్త వేడెక్కగానే బయల్దేరాం. నేను మా వాడి పడవలో, తాడు కొస నా నడుముకు చుట్టుకుని కూర్చున్నాను. ఎల్లప్ప పుట్టిలో, రెండో కొస ఆయన దగ్గర. ఒడ్డు మీద కొందరు చేరారు. ఒకాయన "అక్కా, తిమింగలం పడతాండారా?" అని అరిచాడు. నవ్వనిచ్చాం. పాయకు అడ్డంగా అటూ ఇటూ ఈడ్చాం. నాచు వచ్చింది, చినిగిన వల వచ్చింది, ఎవరిదో చెప్పు వచ్చింది. మధ్యాహ్నానికి ఒకచోట తాడు బిగుసుకుంది. అంతలోనే జారిపోయి వదులైంది. మళ్లీ ఈడ్చాం. మళ్లీ బిగిసింది, మళ్లీ జారింది.

"అదేనక్కా" అన్నాడు సామేలు. "తాడు దాని తల మీద నుంచి జారతాంది."

సాయంత్రం దాకా అదే వరస. ఒడ్డుకు వచ్చేసరికి నా అరచేతులు మండుతున్నాయి. నవ్విన వాళ్లు కూడా విసుగెత్తి వెళ్లిపోయారు. కానీ ఒకామె ఉంది. లక్ష్మీదేవమ్మ. అవతలి ఒడ్డున ఉన్న తన అంగడి ముందు నుంచి పొద్దున్నించి మమ్మల్ని చూసి, ఉండలేక మొగుడి బండి మీద చుట్టు తిరిగి వచ్చిందట.

"ఏందీ పని? తాడు పైపైన పోతాంది. బరువు చాల్దు" అంది నన్ను చూస్తూనే.

"బరువు యాడ దెచ్చేది? రాళ్లు కడితే జారిపోతాండాయి" అన్నాడు సామేలు నేల చూస్తూ.

ఆమె అది విని బండెక్కి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున మేం తాడు విప్పుతుంటే మళ్లీ ఆ బండి వచ్చింది. లక్ష్మీదేవమ్మ గోనె సంచి దింపి బోర్లించింది. ఇనుప తూకం రాళ్లు! కరెంటు కాటా వచ్చాక మూలన పడేసిన రెండు కిలోలవి, ఐదు కిలోలవి, పైన కడ్డీ పట్టుతో. "వీటికి పట్లుండాయి. కట్టండి, జారవు" అంది. చీరకొంగు బిగించి తనే ముళ్లు వేయడం మొదలుపెట్టింది. అంగడి మూటలు కట్టిన చెయ్యి అది, ఆ ముళ్లు నేనూ విప్పలేను.

ఈసారి తాడు లోతుగా దిగింది. నిన్న జారిన చోటికి వచ్చేసరికి సామేలు ఇంజిను ఆపి, తెడ్డుతో మెల్లగా తోశాడు. తాడు బిగిసింది. పడవ ముక్కు పక్కకు తిరిగింది. అవతల ఎల్లప్ప పుట్టి బొంగరంలా తిరగడం మొదలైంది. "వదలద్దు!" అని ఆయన అరిచాడు. తాడు చివర పడవ కొక్కేనికి రెండు చుట్లు వేసి, కాళ్లు తన్నిపెట్టి పట్టుకున్నాను. నీళ్లలో ఏదో మెల్లగా వాలుతున్నట్టు తాడు వణికింది. అప్పుడు మా ముందు, నున్నటి నీళ్లను చీల్చుకుంటూ, నల్లటి తల ఒకటి పైకి లేచింది.

గేదె తలంత లావు. నాచు పట్టి, నీళ్లు కారుతూ. సామేలు పడవ అంచు మీదికి వంగి దాన్ని చేత్తో తుడిచాడు. నాచు కింద నీలం రంగు గీత. మా పడవ రంగు. ఇంకొంచెం కిందికి, చెక్కలో దిగబడి, వంకర తిరిగిన ఇనుప పట్టీ ముక్క. పడవ ముక్కు నుంచి ఊడి పోయిందని అతను వెతుక్కున్న ముక్క.

సామేలు అరచెయ్యి ఆ నీలం గీత మీద అట్లాగే పెట్టుకుని ఉన్నాడు. అరిచింది నేనే. ఒడ్డుకు వినపడేట్టు, ఆళ్లగడ్డ దాకా వినపడేట్టు అరిచాను.

"దొరికిందీ! మొద్దు దొరికిందీ!"

ఇంక ఊరు ఆగుతుందా? ఎవరో ట్రాక్టర్ తెచ్చారు. ఇంకెవరో లావు తాడు తెచ్చారు. మేం మెల్లగా లాక్కుంటూ ఒడ్డు దగ్గరికి తెచ్చి కట్టాం. ట్రాక్టర్ గర్జించింది. మొద్దు బురదలోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటే జనం ఒక్కసారిగా కేకలు వేశారు. నల్లమద్ది చెట్టు, మినీ లారీ అంత పొడవు. వేర్ల చిక్కులో, అతను చెప్పినట్టే, బండరాళ్లు ఇరుక్కుని ఉన్నాయి. నిన్న తిమింగలం అన్న ఆయనే ముందు నిలబడి ట్రాక్టర్‌కు దారి చెబుతున్నాడు!

లక్ష్మీదేవమ్మ మొద్దు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. నీలం గీతను గోటితో గీకింది. లేచి, అందరికీ వినపడేట్టు అంది.

"తాగినాడని మా ఊరంతా చెప్పింది నేనే. తప్పు మాటన్యా. నాయనా సామేలూ, మనసులో పెట్టుకోవాకు."

సామేలు చేతికంటిన నాచు తుడుచుకుంటూ, "మీ సరుకు పోయింది గదమ్మా, కోపముండదా" అన్నాడు.

"కోపం సంగతి సరే. పడవ తియ్. ఇంటికి పోవల్ల. మాటిచ్చినా మీ అక్కకు."

అదే సమయానికి ఇంజిను కొనే వాళ్లు టెంపో వేసుకుని దిగారు. ఒడ్డంతా జనం, ట్రాక్టర్, బురద చూసి ఏం జరిగిందో అర్థం కాక నిలబడ్డారు. సామేలు పడవలోకి దూకి ఇంజిను స్టార్ట్ చేశాడు. ఆ టపటప చప్పుడులో వాళ్ల వైపు తిరిగి, "ఇది అమ్మేది కాదన్నా! ఎక్కేదుంటే ఎక్కండి, అవతల దింపుతా!" అని నవ్వుతూ కేకేశాడు. ఇన్ని రోజుల్లో అతని నోట నవ్వు వినడం అదే మొదలు. సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో ఆమెకే తెలియాలి.

లక్ష్మీదేవమ్మ మొదట ఎక్కింది. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుంటూ పడవ నడిమధ్యన రాణిలా కూర్చుంది. ఆమె వెనక నేను. ఆ తర్వాత ఒకరూ ఇద్దరూ, చివరికి సామేలే చెయ్యి అడ్డం పెట్టి "ఇంక చాలు, తర్వాతి తూరి" అనాల్సి వచ్చింది. పాయ మధ్యలో, పడవ బోల్తా పడిన చోట, ఎవరూ చెప్పకుండానే అందరూ మాటలు ఆపారు. నీళ్లు నున్నగా జరిగిపోయాయి. అంతే. అవతలి ఒడ్డు మీద మనుషులు చేతులు ఊపుతున్నారు.

ఆమె అంగడి బెంచీ మీద కూర్చోబెట్టి మాకు బెల్లం టీ, బొరుగులు పెట్టింది. ఎంత వారించినా వినలేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు ఎల్లప్ప చెప్పినవి కొన్ని రాస్తాను. వరద వచ్చి తగ్గిన కొత్తలో పడవ ఎక్కకండి, కొట్టుకొచ్చిన చెట్లు ఇంకా కుదురుకోవు. నీళ్ల మధ్య ఏ ఆధారమూ లేనట్టు కొంగో నీటికాకో నిలబడి ఉంటే దాని కాళ్ల కింద మొద్దు ఉన్నట్టే. నురగ, ఆకులు బారుగా పేరుకున్న చోట పడవ నెమ్మదిగా పోవాలి. వేగంగా తోలమని పడవ మనిషిని తొందర పెట్టకండి. ఫొటో కోసం లైఫ్ జాకెట్ విప్పకండి. ఇప్పుడు సామేలు, ఎల్లప్ప వారానికోసారి తాడు ఈడుస్తామని ఒప్పందం చేసుకున్నారు. నేను ఉండగానే మరో మొద్దు దొరికింది, చిన్నది. దాన్ని చూసి ఎవరూ భయపడలేదు. పట్టుకుని బయటికి లాగి పడేశారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బయల్దేరాను. సలోమి టిఫిన్ డబ్బాలో వేయించిన చేపలు పెట్టింది. ఆత్మకూరులో బస్సుకు ఎక్కువ సేపు ఆగాల్సిన పని లేకపోయింది. నంద్యాలలో సాయంత్రం నాలుగుకు ఆళ్లగడ్డ బస్సు దొరికింది, కిటికీ సీటు కూడా. అరచేతులకు సలోమి రాసిన కొబ్బరినూనె వాసన, దాని కింద నీళ్ల వాసన ఇంకా పోలేదు. షాపులో కుట్టాల్సినవి గుట్టగా ఉంటాయని తెలుసు. అయినా ఇంత తేలికైన మనసుతో నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. చాలా ఊళ్లు తిరిగాను, గుళ్లు, కొండలు, సముద్రం చూశాను. ఒక మనిషి పోగొట్టుకున్న మాట విలువ నీళ్ల అడుగు నుంచి పైకి రావడం మాత్రం ఇక్కడే చూశాను.

శిరివెళ్ల దాటాక సామేలు ఫోన్ చేశాడు. ఇంజిను చప్పుడులో సగం మాటలు వినపడలేదు.

"అక్కా, యాడుండావ్? బాగ పోతాండావా?"

"పోతాండా నాయనా. నువ్వు తిన్యావా?"

"ఏందక్కా? ఇనపడ్డంల్యా."

"తిన్యావా అంటాండా!"

"తర్వాత మాట్లాడతా అక్కా, జనమొచ్చినారు" అని పెట్టేశాడు.